మొదటి తూటా

ఇన్ నది పక్క మా లోయలో
శనివారం పొద్దున రెండు చప్పుళ్ళకే అనుమతి:
ఆవుల మెడగంటలకీ, మా రేంజికీ.
గంటలు దగ్గరికొస్తే మేమే ఆగాలి.
ఎర్ర జెండా దించి, బోల్టులు వెనక్కి లాగి
పద్దెనిమిది ఆవులూ తీరిగ్గా దాటేదాకా
చెవులకి గుబ్బలతో మూగవాళ్ళలా కూచోవాలి.

మూడువందల మీటర్ల అవతల నల్ల చుక్క.
నడిచెళ్ళి చూస్తే తేనెపెట్టె మూతంత ఉంటుంది,
ఇక్కణ్ణించి గసగసం గింజ.

నాలుగు వారాలుగా నోటుబుక్కులో ఒకటే కథ.
నాలుగు తూటాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడతాయి.
మొదటిది మాత్రం
బెత్తెడు పైకి, ఎడమకి,
విందులో అలిగి విడిగా కూచున్న చుట్టంలా.

ఊపిరి సగం వదిలి చూశాను, అంతా వదిలి చూశాను.
దవడ ఆనేచోట బొట్టంత టేపు అంటించాను.
ఇసుక సంచి మార్చాను, తూటాల పెట్టె మార్చాను.
"చల్లటి గొట్టం, మొదటిదెప్పుడూ తప్పుతుంది,"
అన్నాడు ఊర్సిన్, అన్నీ తెలిసినట్టు.
సరే, గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కాక
కొత్త మ్యాగజైన్ పెట్టి మళ్ళీ కాల్చాను.
మళ్ళీ మొదటిదే అలిగింది.
ఊర్సిన్ కాఫీకి వెళ్ళాడు.

అప్పుడొచ్చాడు యాహెన్.
సైన్యం ఆయుధశాలలో నలభయ్యేళ్ళు, ఎడమచెవి ఉత్తదే.
ఎండు బేరిపళ్ళ రొట్టె నములుతూ
నా గురి చూళ్ళేదు, చుక్క చూళ్ళేదు, బుక్కు చూళ్ళేదు.
నా కుడిచెయ్యి చూస్తూ నిలబడ్డాడు.
"మళ్ళీ ఎక్కించు, మెంజా."

పిడి లాగాను.
రెండు వేళ్ళతో ఆపుకుంటూ, ఆపుకుంటూ,
ఒక్క ఈగా నలక్కుండా తేనెపట్టు చట్రాన్ని
పెట్టెలోకి దించినట్టు
మెత్తగా ముందుకి పంపాను.

"అదీ," అన్నాడు. రొట్టె మింగాడు.
"మిగతా నాలుగింటినీ తుపాకే తోసుకుంటుంది,
దబ్బున, స్ప్రింగు బలమంతా పెట్టి.
మొదటిదాన్ని నువ్వు జోకొడుతున్నావు.
అది అరలో సరిగ్గా కూచోదు.
ఐదూ ఒకే తల్లి పెంపకంలో పెరగాలి కదా.
లాగు. వదిలెయ్."

వదిలెయ్యడం!
ముప్పయ్యేళ్ళుగా ఈ చేతులకి రాని పని.
మా పెట్టెల దగ్గర ఒక్క మూత జారితే
ఇరవై వేల రెక్కలు ఒక్కసారి లేస్తాయి,
మర్నాడు కళ్ళు తెరుచుకోవు.
భుజం దాకా నరాలన్నీ వద్దంటుంటే
లాగాను.
వదిలేశాను.

ధడేల్మంది.
తుపాకి విరిగిందనుకున్నాను.
యాహెన్ పనిచేసే చెవితో విని తలూపాడు,
పొరుగింటివాళ్ళ బిడ్డ ఏడుపు విన్నట్టు.

"ఇప్పుడు ట్రిగ్గర్ దగ్గర మాత్రం వదలకు.
తూటా వెళ్ళిపోయినా వేలు వెనకే ఉంచు.
అదురు చల్లారనీ, టిక్కుమనేదాకా మెల్లగా రానీ.
తొందరంతా యంత్రానికి ఇచ్చేశారమ్మా,
నువ్వెందుకు మళ్ళీ అరువు తెచ్చుకుంటావు?"

ఒకటి.
ఇత్తడి తొడుగు కుడివైపు ఎగిరి సిమెంటు మీద మోగింది.
వేలు వెనకే ఉంది. టిక్.
రెండు. మూడు.
నాలుగోదానికి లెక్క మర్చిపోయాను.

నడిచెళ్ళి అరచెయ్యి కాగితం మీద పెట్టాను.
నాలుగు కన్నాలూ చెయ్యి కింద దాక్కున్నాయి,
మొదటిది ఏదో నాకే తెలీదు.
ఐదోది చిటికెనవేలు పక్కన, కిందకి.
అది తుపాకిది కాదు.
నవ్వు ముందే వచ్చేసింది నాకు.

"నవ్వుకి స్ప్రింగు లేదు," అన్నాడు యాహెన్,
అది మెప్పో తిట్టో, గంటలు దగ్గరికొచ్చి
జెండా దించాల్సొచ్చింది.

సాయంత్రం మూడో పెట్టె మీద వంగి మూత వేస్తుంటే
కుడిచెయ్యి ఒక క్షణం తటపటాయించింది.
ఇక్కడ కాదు,
అని చెప్పాను దానికి.